గీజర్‌కు రగ్గు కప్పాలా?

ప్రశ్న: అయ్యా, నేను లెక్కల టీచరుగా రిటైరయి ఆరేళ్లయింది. మదనపల్లెలో కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ ఉన్న ఇల్లు మాది. కింద మేమిద్దరమే ఉంటాం. మా బాత్రూములో 25 లీటర్ల గీజర్ ఉంది. మిద్దె మీద 200 లీటర్ల సోలార్ కూడా ఉంది గానీ, ఆ వేడినీళ్లు కిందికి దిగేసరికి అరబకెట్ చల్లనీళ్లు పారబోయాల్సి వస్తుంది. ఆ విసుగుతో చలికాలమంతా గీజరే వేసుకుంటున్నాం. అమెరికాలో ఉన్న మా అబ్బాయి మొన్న సంక్రాంతికి వస్తూ గీజర్‌కు చుట్టే దుప్పటి ఒకటి తెచ్చాడు. చుడితే కరెంటు బాగా ఆదా అవుతుందంటాడు. చూస్తే అది మా గీజర్‌కు మూడు చుట్లు వచ్చేంత పెద్దది. దాని బదులు ఇంట్లో ఉన్న పాత రగ్గు చుడదామని మా ఆవిడ అంటోంది. గీజర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలి, చల్లారిన నీళ్లను మళ్లీ కాచడానికే ఎక్కువ కరెంటు కాలుతుంది అని ఎదురింటాయన మాట. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మాస్టారూ, నమస్కారం. ముగ్గురిలో మీ అబ్బాయి మాటే కాస్త నిజం. కాకపోతే ఆ నిజం అమెరికాలో నిజం. మీ ఉత్తరంలో నాకు అసలు పట్టుకోవాల్సిన మాట అనిపించింది వేరే ఉంది. ‘అరబకెట్ చల్లనీళ్లు’ అన్నారు చూడండి, అది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు దుప్పటి సంగతి తేల్చేద్దాం.

అక్కడి ఇళ్లలో వేడినీళ్ల ట్యాంకు మామూలుగా 40, 50 గ్యాలన్లది. అంటే మన లెక్కలో 150 నుంచి 190 లీటర్లు. నేలమాళిగలోనో గ్యారేజీలోనో నిలబెట్టి ఉంటుంది. అక్కడ స్విచ్ వేయడం, ఆపడం అనే అలవాటే లేదు. రాత్రింబవళ్లు, ఏడాది పొడవునా నీళ్లు కాగి ఉండాల్సిందే. అంత పెద్ద ఒళ్లున్న ట్యాంకు, చలిగా ఉండే గదిలో, ఇరవై నాలుగు గంటలూ వేడి వదులుతుంటే దుప్పటి చుట్టడం తెలివైన పనే. అక్కడి ప్రభుత్వ ఇంధన శాఖ కూడా ప్రజలకు అదే చెబుతుంది: ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే చుట్టండి అని. పాత ట్యాంకులను దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట అది. మీవాడు చదివింది, విన్నది ఇదే అయి ఉంటుంది.

మీ గీజర్ కథ వేరు. బయట కనిపించే తెల్లని డొక్కకూ లోపలి ట్యాంకుకూ మధ్య ఉన్న ఖాళీలో పఫ్ అనే నురగను నింపి గట్టిపరుస్తారు. ఫ్రిజ్ తలుపులో ఉండేది కూడా ఇదే. వెనకటికి ఐసు గడ్డను రంపపు పొట్టులో కప్పెట్టి, పైన తడి గోనెపట్టా వేసి, సైకిలు మీద ఊరూరా తిప్పేవాళ్లు కదా. పొట్టులో చిక్కుకున్న గాలి కదలదు. కదలని గాలిలోంచి వేడి అంత తేలిగ్గా లోపలికి పోదు. గీజర్‌లో అదే పని తిరగేసి జరుగుతుంది, వేడి అంత తేలిగ్గా బయటికి రాదు. చలికాలంలో పాలు తోడేసి, గిన్నెకు తువ్వాలు చుట్టి ఏ మూలో పెట్టడంలో ఉన్న కిటుకూ ఇదే. అంటే మీ గీజర్ ఇప్పటికే లోపల ఒక రగ్గు కట్టుకుని ఉంది.

ఆ లోపలి రగ్గు ఎంత మంచిదో కొన్నప్పుడే చెబుతారు. గీజర్ మీద నక్షత్రాల స్టిక్కర్ ఉంటుంది కదా, దానిమీద ‘స్టాండింగ్ లాస్’ అని ఒక అంకె వేసి ఉంటుంది. లోపలి నీటికీ బయటి గాలికీ 45 డిగ్రీల తేడా ఉంచి, ఒక్క చుక్క వాడకుండా 24 గంటలు వదిలేస్తే ఊరికే పోయే కరెంటు ఎన్ని యూనిట్లో అది చెబుతుంది. నక్షత్రాలు ఇచ్చేది ఈ అంకెను బట్టే. చాలామంది నక్షత్రాలు లెక్కపెడతారు గానీ ఈ అంకె చదవరు.

మీది 0.7 అనుకుందాం. మీ స్టిక్కర్ మీద వేరే అంకె ఉంటే దాంతో మళ్లీ చేసుకోండి, మీకు నేను చెప్పాలా! నీళ్లు 60 డిగ్రీలు, బాత్రూము 22 డిగ్రీలు అంటే తేడా 38. అప్పుడు రోజుకు పోయేది 0.6 యూనిట్. ఎదురింటాయన చెప్పినట్టు నెలంతా ఆన్‌లో ఉంచితే 18 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలని వేసుకుంటే 144 రూపాయలు. మీ అబ్బాయి దుప్పటి అందులో నాలుగోవంతు ఆపిందనుకున్నా నెలకు 36 రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు స్విచ్ పొద్దున ఒక్క గంట మాత్రమే వేశారనుకోండి. ఆ గంటలో ట్యాంకు ఒంట్లోంచి పోయేది 0.025 యూనిట్. నెలంతా కలిపినా ముప్పావు యూనిట్, అంటే ఆరు రూపాయలు. అందులో నాలుగోవంతు ఒకటిన్నర రూపాయి. అమెరికా నుంచి విమానమెక్కి వచ్చిన దుప్పటి నెలకు ఒకటిన్నర రూపాయి సంపాదిస్తుందన్నమాట. చెయ్యి కదిపి ఆపే స్విచ్ దానికన్నా ఎన్నో రెట్లు సంపాదిస్తుంది.

చల్లారిన నీళ్లను మళ్లీ కాచడానికి ఎక్కువ కరెంటు అన్న మాట ఎదురింటాయన ఒక్కడిదే కాదు, నేను కనీసం పాతికమంది నోట విన్నాను. వినడానికి సబబుగానే ఉంటుంది. అడుగున చిన్న కన్నమున్న ఓటికుండ ఒకటి ఊహించుకోండి. కుండ నిండుగా ఉన్నంతసేపూ కన్నంలోంచి ధార జోరుగా పోతుంది. మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. రోజంతా చెంబు పట్టుకుని కూర్చుని, కుండ ఒలికినంతా నింపుతూ పోతే ఎక్కువ నీళ్లు పడతాయా, కావలసినప్పుడు ఒకేసారి నింపుకుంటే ఎక్కువ పడతాయా? వేడి కూడా అంతే. నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంత త్వరగా పోతుంది, చల్లబడేకొద్దీ పోవడం మందగిస్తుంది. చల్లారనిచ్చి, కావలసినప్పుడు కాచుకోవడమే ఎప్పుడూ చవక. ఇందులో మినహాయింపు లేదు.

రగ్గు విషయానికి వస్తే, అమ్మగారికి నా మాటగా చెప్పండి, వద్దని. పదేళ్ల కిందట నేను కూడా ఈ ఘనకార్యం చేశాను. అప్పట్లో మా ఇంట్లో పాత గీజర్, దానికి ఒక ఉన్ని దుప్పటి చుట్టి నవారుతో కట్టి మురిసిపోయాను. రెండు నెలల తర్వాత ఒకరోజు పొద్దున ఇంట్లో ట్రిప్పర్ పడిపోయింది. మళ్లీ ఎత్తితే మళ్లీ పడింది. చూస్తే ట్యాంకు అడుగున సన్నగా కారుతోంది. దుప్పటి ఆ నీళ్లన్నీ పీల్చుకుని, వైరు కనెక్షన్ దగ్గరికి చేరవేస్తోంది. దుప్పటి లేకపోతే మొదటిరోజే నేల మీద చుక్క కనిపించేది. కరెంటు లీకయితే వెంటనే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించి ఉన్నాను కాబట్టి ఇవాళ ఈ జవాబు రాస్తున్నాను. మీ ఇంట్లో అది లేకపోతే దుప్పటి సంగతి, పైపు సంగతి అన్నీ పక్కనపెట్టి ముందు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించండి, ఎర్తింగ్ కూడా చూపించండి.

థర్మోస్టాట్, కాయిల్, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌట్ ఉండేది అడుగు మూత కిందే. నీళ్లు మితిమీరి కాగితే ఆవిరి ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వ్ ఉండేది కూడా ఆ పక్కనే, చల్లనీళ్ల పైపు దగ్గర. వీటిమీద బట్ట, దూది, థర్మోకోల్ ఏవీ ఉండకూడదు. గ్యాస్ గీజర్ అయితే ఇక ఆ ఆలోచనే రాకూడదు. దానికి గాలి ఆడాలి, పొగ బయటికి పోవాలి. మూసిన బాత్రూములో గ్యాస్ గీజర్ వేసుకుని, వాసన కూడా తెలియని కార్బన్ మోనాక్సైడ్ పీల్చి, స్నానానికి వెళ్లినవాళ్లు వెళ్లినట్టే పోయిన వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. మీది కరెంటుదే గానీ, చదివేవాళ్లలో ఎవరికైనా ఉంటుందని చెబుతున్నాను.

మీ గీజర్ మరీ పాతదా? రాయలేదు. పాతవాటిలో పఫ్ బదులు గాజుదూది ఉండేది. అది ఏళ్లు గడిచేకొద్దీ చెమ్మ పట్టి, కిందికి జారి, పైభాగం బోసిపోతుంది. పరీక్ష సులభం. రాత్రి తొమ్మిదింటికి నీళ్లు పూర్తిగా కాచి స్విచ్ ఆపండి. ఆ రాత్రికి వేడినీళ్ల ట్యాప్ ఎవరూ తిప్పకూడదు. పొద్దున ఆరింటికి ట్యాప్ తిప్పి, పైపులోని చల్లనీళ్లు పోయాక వచ్చే నీళ్లను థర్మామీటరుతో చూడండి. జ్వరం చూసేది కాదు, 100 డిగ్రీల దాకా ఉండేది కావాలి, మీ స్కూలు లాబ్‌లో చూసే ఉంటారు. రాత్రి 60 ఉన్నది పొద్దునకు 50 దగ్గర ఉంటే మీ గీజర్ నిక్షేపంలా ఉన్నట్టు. గోరువెచ్చకు దిగిపోయిందంటే లోపలి రగ్గు చిరిగిందన్నమాట. అప్పుడు కూడా పైన ఇంకోటి చుట్టకండి, గీజర్ మార్చండి. లోపల చెమ్మ చేరిన ట్యాంకు ఎలాగూ తుప్పు పట్టే దారిలో ఉంటుంది.

మీ వైపు బోరు నీళ్లు ఉప్పునీళ్లు కదా, కాయిల్ మీద సున్నపు పెచ్చులు కడతాయి. దానివల్ల కరెంటు విపరీతంగా కాలుతుందని మెకానిక్‌లు అంటారు. కాయిల్ నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి, పుట్టిన వేడి ఎటు తిరిగినా నీళ్లలోకే పోవాలి. కరెంటు తేడా పెద్దగా ఉండదు. కానీ పెచ్చుల కింద కాయిల్ మితిమీరి కాగి త్వరగా కాలిపోతుంది. ఏడాదికోసారి శుభ్రం చేయించడం అందుకోసం.

ఇక అరబకెట్ దగ్గరికి వద్దాం.

25 లీటర్ల నీళ్లను 22 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 950 కిలోకేలరీలు కావాలి. 860 కిలోకేలరీలు ఒక యూనిట్ కాబట్టి 1.1 యూనిట్లు. రోజుకొకసారి కాచినా నెలకు 33 యూనిట్లు. ఇందాక దుప్పటి ఆపుతుందన్నది నెలకు ముప్పావు యూనిట్‌లో నాలుగోవంతు! గీజర్ ఖర్చు దాని ఒంట్లోంచి కారే వేడిలో లేదు, నీళ్లు కాచడంలోనే ఉంది. ఆ కాచే పనిని మిద్దె మీద సూర్యుడు ఊరికే చేసిపెడుతున్నాడు. మీరు దాన్ని వాడుకోలేకపోతున్నది కేవలం ఒక పైపు వల్ల.

మిద్దె మీది ట్యాంకు నుంచి మీ బాత్రూముకు పైపు ఎంత పొడవో రాయలేదు. కింది పోర్షన్ కాబట్టి 15 మీటర్లు ఉంటుందనుకుంటాను. చాలా ఇళ్లలో వేసేది ముప్పావు అంగుళం జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు. మీదీ అదే అనుకుందాం. అందులో మీటరుకు మూడు వందల అరవై మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. 15 మీటర్లకు దాదాపు అయిదున్నర లీటర్లు. రాత్రంతా చల్లారిన ఆ నీళ్లు బయటికి పోతేగానీ వేడినీళ్లు రావు. అంతటితో అయిపోదు. అంత పొడవు ఇనుము బరువు 24 కిలోల దాకా ఉంటుంది. ముందు వచ్చే వేడినీళ్ల వేడిని ఆ ఇనుము తాగేస్తుంది. అది తాగే వేడి దాదాపు మరో రెండున్నర లీటర్ల నీళ్లు తాగే వేడికి సమానం. రెండూ కలిపితే దాదాపు ఎనిమిది లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్‌లో సగానికి కాస్త పైన! మీరు కళ్లతో చూసి రాసిన అరబకెట్, కాగితం మీద లెక్క కట్టినా ఇంచుమించు అరబకెట్టే వచ్చింది. మీరు స్నానం ముగించి ట్యాప్ కట్టేయగానే అదే పైపు నిండా వేడినీళ్లు నిలబడిపోతాయి, అవి కూడా చల్లారడం మొదలుపెడతాయి. తర్వాత అమ్మగారు ట్యాప్ తిప్పితే మళ్లీ అరబకెట్.

బట్ట కట్టాల్సింది ఈ పైపుకు. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, చలికాలం తెల్లవారుజామున మిద్దె మీద గాలి ఎలా కోస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గాలి తగలని చోట కూడా బోసిపైపులోని వేడి అరగంటకు సగం పోతుంది. మిద్దె మీద గాలికి ఇంకా ముందే. 13 మిల్లీమీటర్ల మందం తొడుగు వేస్తే ఆ సగం పోవడానికి గంటన్నర దాకా పడుతుందని నా లెక్క.

ఇందులో ఒక మెలిక ఉంది, దాచకుండా చెబుతాను. ఎంత మంచి తొడుగు వేసినా రాత్రి తొమ్మిదింటి నీళ్లు పొద్దున అయిదింటిదాకా పైపులో వెచ్చగా ఉండవు. మొదటి స్నానానికి అరబకెట్ పోవాల్సిందే. లాభం రెండో స్నానం నుంచి. మీరు అయిదున్నరకు, అమ్మగారు ఎనిమిదింటికి చేస్తే తొడుగు ఉన్నా పెద్ద తేడా తెలియదు. అరగంట తేడాలో ఇద్దరూ ముగిస్తే ట్యాప్ తిప్పగానే వేడినీళ్లే వస్తాయి. పూజలు, వంటలు, వాకింగులు ఎవరివి వాళ్లకుంటాయి, ఎవరు ఎప్పుడు స్నానం చేయాలో చెప్పడానికి నేనెవర్ని! కాకపోతే మీ ఇంట్లో కరెంటు బిల్లును మార్చే శక్తి దుప్పటి కన్నా ఈ వేళల్లోనే ఎక్కువ ఉంది. మొదటి అరబకెట్‌ను కూడా మోరీలోకి వదలకండి. పక్కన ఖాళీ బకెట్ పెట్టుకుంటే గిన్నెలకో మొక్కలకో పనికొస్తుంది. మీ ఊళ్లో నీళ్ల విలువ మీకు తెలుసు.

ఏం కొనాలంటే, స్ప్లిట్ ఏసీ రాగి పైపులకు తొడిగే నల్లటి స్పంజి గొట్టం. దాన్ని నైట్రైల్ రబ్బరు అంటారు. ఏసీ సామాను అమ్మే షాపులో దొరుకుతుంది. ముప్పావు అంగుళం జీఐ పైపు బయటి వ్యాసం 27 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి లోపలి కొలత 28, మందం 13 అని అడగండి. మందం 19 దొరికితే మిద్దె మీద భాగానికి అది ఇంకా మంచిది. షాపువాడు చవకగా ఉంటుందని తెల్లటి ఫోమ్ గొట్టం చూపిస్తాడు. వద్దు. వేసవిలో మీరు ఊరెళ్లి నీళ్లు వాడకపోతే సోలార్ ట్యాంకులో నీళ్లు 80 డిగ్రీలు దాటి పోతాయి, ఆ వేడికి అది మెత్తబడి వేలాడుతుంది. థర్మోకోల్ కూడా అంతే. నల్లది 105 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది.

తొడిగేముందు జాయింట్లలో ఎక్కడైనా చెమ్మ ఉందేమో చూసి ప్లంబర్‌తో బాగుచేయించండి. కారే పైపుకు తొడుగు వేస్తే నా దుప్పటి కథే మళ్లీ జరుగుతుంది. పైపు పొడిగా, చల్లగా ఉన్నప్పుడు గొట్టాన్ని నిలువునా చీల్చి తొడగండి, చీలిక నేలవైపు ఉండాలి, వాన నీళ్లు దిగకుండా. చీలికకు రబ్బరు జిగురు రాసి అతికించి, పైన టేపు చుట్టాలి. మనవాళ్లు తిన్నగా ఉన్న పైపుకు శ్రద్ధగా తొడిగి, పైపు మలుపు తిరిగే ఎల్బోల దగ్గర, వాల్వ్ దగ్గర వదిలేస్తారు. అక్కడే వేడి కారుతుంది. అక్కడ కూడా ముక్కలు కోసి అమర్చాలి. గోడలోకి దూరిపోయిన భాగాన్ని వదిలేయండి, దానికోసం టైల్స్ పగలగొట్టడం శుద్ధ దండగ.

ఎండకు ఈ రబ్బరు రెండు మూడేళ్లలో బీటలు వారి పొడి రాలుతుంది. దానికి తోడు ఉడతలు, కాకులు. మా మిద్దె మీద ఉడతలు దీన్ని పీకి గూడుకు పరుపు వేసుకున్నాయి. అందుకని పైన అల్యూమినియం రేకు టేపు చుట్టించాలి, లేదా నాకు తోచిన చవక ఉపాయం, బోరు వేసినప్పుడు మిగిలిన లావు పీవీసీ పైపు ఏదైనా ఉంటే నిలువునా కోసి దానిమీద తొడిగి బైండింగ్ వైరుతో కట్టడం. చూడ్డానికి అందంగా ఉండదు, ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక జాగ్రత్త: సోలార్ ట్యాంకు నెత్తిన ఆవిరి పోవడానికి నిటారుగా ఒక సన్న గొట్టం ఉంటుంది. దాని మూతి ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు.

మబ్బు పట్టిన రోజుల్లో గీజర్ వేసుకోక తప్పదు. అప్పుడు థర్మోస్టాట్‌ను 50 దగ్గర పెట్టండి. 25 లీటర్లు 50 డిగ్రీల నీళ్లలో చల్లనీళ్లు కలిపితే ఒంటికి ఓర్చుకునే వేడిలో రెండున్నర బకెట్లు అవుతాయి, ఇద్దరికి చాలు. వయసు మీదపడిన చర్మానికి 60 డిగ్రీల నీళ్లు ప్రమాదం కూడా, క్షణాల్లో బొబ్బలెక్కుతాయి. వారం పది రోజులు ఊళ్లో లేకుండా తిరిగొచ్చినప్పుడు మాత్రం ఒకసారి 60 దాకా కాచి, ఆ తర్వాతే వాడండి. నిలవనీళ్లలో చేరే క్రిములకు గోరువెచ్చని నీళ్లంటే ఇష్టం.

అమెరికా దుప్పటిని సోలార్ ట్యాంకుకు చుడదామని మీకు తోచవచ్చు. వానకు తడిసిందంటే అది దుప్పటి కాదు, చన్నీళ్ల పట్టీ. మీ అబ్బాయి మళ్లీ వచ్చినప్పుడు వెనక్కి పంపండి, అక్కడ వాళ్లింటి ట్యాంకుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఇంకో పని. పైపుకు తొడిగే ముందు ఒక వారం, రెండో స్నానానికి ముందు ఎన్ని లీటర్ల చల్లనీళ్లు పోతున్నాయో మగ్గుతో కొలిచి, ఇద్దరి స్నానాలకూ మధ్య ఎన్ని నిమిషాలు గడిచాయో పక్కన రాసుకోండి. తొడిగాక మరో వారం అలాగే రాయండి. లెక్కల మాస్టారు కొలిచిన అంకెలు నా అరగంట, గంటన్నరలతో ఎంతవరకు కలిశాయో చూడాలని ఉంది. ఆ కాగితం నాకు పంపండి.